పేద దేశాల విదేశీ అప్పు ఎందుకు తీరదు?

వనపర్తిలో గ్రూప్-2కు ప్రిపేర్ అవుతున్న ఒక అమ్మాయి నాలుగు ప్రశ్నలు అడిగింది. పేద దేశాలు ఏళ్ల తరబడి కడుతున్నా విదేశీ అప్పు ఎందుకు తీరడం లేదు, సొంత నోట్లు అచ్చేసి కట్టేయలేవా? శ్రీలంకను ముంచింది చైనా అప్పేనా? మాఫీ చేస్తే ఆ దేశాలకు రేపు ఎవరైనా అప్పిస్తారా? మన దేశానికి, మన తెలంగాణకు ఆ పరిస్థితి వస్తుందా?

అమ్మా, మంచి ప్రశ్నలు అడిగారు. నాది నల్లగొండ. బ్యాంకులో విదేశీ మారకం పనిలో చాలా ఏళ్లు ఉండి రిటైర్ అయ్యాను. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది, ముందే చెప్పేస్తాను. అప్పు ఇచ్చినవాళ్లూ తప్పు చేస్తారు, తెచ్చినవాళ్లూ తప్పు చేస్తారు. నష్టం మోసేది మాత్రం ఆ అప్పు సంగతే తెలియని జనం. అది ఎలా జరుగుతుందో అర్థమైతే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

ముందు నోట్ల సంగతి. మన దగ్గర ఒక రైతు పది తులాల బంగారం అప్పు తెచ్చి, దాన్ని అమ్మి బోరు వేయించాడనుకోండి. తిరిగి ఇవ్వాల్సింది బంగారమే, మిత్తి కూడా బంగారమే. అతనికి వచ్చే రాబడి పత్తి అమ్మిన రూపాయలు. పంట బాగానే వచ్చింది, రేటూ పర్వాలేదు. కానీ ఈలోగా తులం ధర రెండింతలైంది. అతను ఏ తప్పూ చేయలేదు, ఒక్క కిస్తీ ఆపలేదు, అయినా బాకీ రెండింతలు. పేద దేశం చేసే డాలర్ల అప్పు సరిగ్గా ఇలాంటిదే. ఆఫ్రికాలోని జాంబియా తన నోట్లైన క్వాచాలు అచ్చేసుకోగలదు, శ్రీలంక తన రూపాయలు అచ్చేసుకోగలదు, డాలర్లు అచ్చేసే హక్కు వాళ్లకు లేదు. సొంత నోట్లు ఎక్కువ అచ్చేసి బజారులో డాలర్లు కొనబోతే ఆ నోటు విలువే పడిపోతుంది, అప్పు ఇంకా బరువెక్కుతుంది.

అందుకే అప్పు మొత్తం ఎంత అని చూసి భయపడటంలో గానీ ధైర్యపడటంలో గానీ అర్థం లేదు. జపాన్ ప్రభుత్వ అప్పు ఆ దేశ జీడీపీకి రెండింతల పైనే. అది యెన్లలో ఉంది, ఎక్కువ భాగం వాళ్ల ప్రజలకే, వాళ్ల బ్యాంకులకే బాకీ. అందులో సగం లెక్క కూడా లేని దేశాలు దివాలా తీశాయి. డాలర్లు రావాలంటే ఎగుమతులు చేయాలి, బయట పనిచేసే మనుషులు ఇంటికి డబ్బు పంపాలి, టూరిస్టులు రావాలి, లేదంటే పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేయాలి. చాలా దేశాలు చివరి దారిలోనే నడుస్తున్నాయి. కొత్త అప్పు దొరికినన్నాళ్లూ అంతా బాగున్నట్టే ఉంటుంది. అది ఆగిన రోజున పెట్రోలు బంకుల ముందు క్యూలు మొదలవుతాయి.

ఇదంతా ఎక్కడ మొదలైందో కొంచెం చెప్పాలి. 1973లో ముడిచమురు ధర ఒక్కసారిగా పెరిగింది. అరబ్ దేశాలకు వచ్చిన డాలర్లు అమెరికా, యూరప్ బ్యాంకుల్లో డిపాజిట్లయ్యాయి. డిపాజిట్ మీద వడ్డీ కట్టాలంటే బ్యాంకు ఎవరికో ఒకరికి అప్పివ్వాలి. ఆ బ్యాంకుల వాళ్లు లాటిన్ అమెరికా, ఆఫ్రికా దేశాల ఆర్థిక మంత్రుల చుట్టూ తిరిగి మరీ అప్పులు అంటగట్టారు. దేశం ఎక్కడికీ పారిపోదు కదా అన్నది వాళ్ల ధీమా. ఆ అప్పులు చాలావరకు మారే వడ్డీ మీద ఇచ్చినవి, అంటే అమెరికాలో వడ్డీ పెరిగితే వీళ్ల వడ్డీ కూడా పెరుగుతుంది. 1979లో అమెరికా కేంద్ర బ్యాంకుకు పాల్ వోల్కర్ ఛైర్మన్‌గా వచ్చి తమ దేశంలో ధరలు అదుపు చేయడానికి వడ్డీ రేట్లు పెంచుకుంటూ పోయారు. 1981 నాటికి అక్కడి రేటు 20 శాతం దగ్గరికి చేరింది. అదే సమయంలో రాగి, కాఫీ, చక్కెర వంటి సరుకుల ధరలు పడిపోయాయి. వడ్డీ పెంచినవాళ్లకు తమ దేశ సమస్య కనిపించింది, జాంబియా రాజధాని లుసాకాలో బడి ఫీజు కనిపించలేదు. 1982 ఆగస్టులో మెక్సికో ఇక కట్టలేనని చేతులెత్తేసింది, ఆ వెనకే డజన్ల దేశాలు. లాటిన్ అమెరికాలో ఆ పదేళ్లను పోగొట్టుకున్న దశాబ్దం అంటారు.

జాంబియా కథ కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ సబ్జెక్టులో ఉన్న కష్టమంతా ఆ ఒక్క దేశంలో కనిపిస్తుంది. మనలాగే బ్రిటిష్ పాలన నుంచి బయటపడిన దేశం, 1964లో స్వాతంత్ర్యం వచ్చింది. దాని ఎగుమతుల్లో సింహభాగం రాగి. రాగి ధర ఉంటే దేశానికి పండగ, పడిపోతే పస్తు. 1979లో జాంబియా రొమేనియా నుంచి ట్రాక్టర్లు, ఇతర వ్యవసాయ యంత్రాలు అప్పుకు తెచ్చుకుంది. సుమారు 15 మిలియన్ డాలర్ల బాకీ. రాగి ధర దెబ్బతో అది కట్టలేకపోయింది, వడ్డీ పేరుకుంటూ పోయింది. 1999లో రొమేనియా, పోనీ ఎంతో కొంతకు తెగ్గొట్టుకుందామని జాంబియాతో మాట్లాడుతోంది. ఆ మధ్యలో డొనెగల్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ ఒకటి వచ్చి ఆ బాకీ కాగితాలను రొమేనియా నుంచి 3.3 మిలియన్ డాలర్లకు కొనేసింది. కొన్నాక ఏం చేసింది? జాంబియా మీద లండన్ కోర్టులో కేసు వేసి అసలు, వడ్డీ, అన్నీ కలిపి 55 మిలియన్ డాలర్లు అడిగింది. 2007లో కోర్టు అంత ఇవ్వలేదు గానీ, 15 మిలియన్ల పైచిలుకు కట్టమంది. 3.3 మిలియన్లు పెట్టినవాడికి 15 మిలియన్లు!

ఇందులో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది వేరే ఉంది. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే మిగతా ప్రపంచం జాంబియా అప్పును మాఫీ చేస్తోంది. అప్పుల్లో మునిగిన పేద దేశాల కోసం 1996లో ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) కలిసి ఒక పథకం పెట్టాయి. 2005లో స్కాట్లండ్‌లోని గ్లెనీగల్స్‌లో జీ-8 దేశాలు ఇంకొంచెం ముందుకెళ్లి, ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు బాకీలను పూర్తిగా కొట్టేయడానికి ఒప్పుకున్నాయి. ఆ మాఫీ వల్ల జాంబియా ప్రభుత్వం 2006 ఏప్రిల్ 1 నుంచి పల్లెల్లో ఆస్పత్రి ఫీజులు ఎత్తేసింది. 1990ల సంస్కరణల్లో పెట్టిన ఫీజులవి. చిల్లర లేక చంటిపిల్లను ఆస్పత్రికి తీసుకెళ్లలేని తల్లికి ఆ ఒక్క నిర్ణయం ఎంత మేలో వేరే చెప్పనక్కర్లేదు. అందరూ వదులుకున్న చోట వదులుకోకుండా కూర్చున్న ఒక్కడు, ఆ మాఫీతో మిగిలిన డబ్బులోంచి తన వాటా పట్టుకుపోయాడు. దీని మీద గొడవ జరిగాక బ్రిటన్ పార్లమెంటు 2010లో ఒక చట్టం చేసింది. మాఫీ పథకంలో ఉన్న దేశాల పాత బాకీల మీద బ్రిటన్ కోర్టుల్లో ఇలా మొత్తం రాబట్టుకోవడం కుదరదని. ఒక మంచి చట్టం ఇంత సులువుగా వస్తుందంటే, అది ముప్పై ఏళ్ల ముందే ఎందుకు రాలేదని అడగాల్సిందే.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. అప్పు తేలికయ్యాక జాంబియాకు మార్కెట్లో పేరొచ్చింది. 2012లో మొదటిసారి డాలర్ బాండ్లు, అంటే ఫలానా గడువుకు వడ్డీతో తీరుస్తామని రాసిచ్చే అప్పు పత్రాలు, అమ్మి 750 మిలియన్లు తెచ్చింది, వడ్డీ ఐదున్నర శాతం లోపే. 2014లో ఇంకో బిలియన్, ఎనిమిదిన్నర శాతానికి. 2015లో ఒకటింపావు బిలియన్, తొమ్మిది శాతం దగ్గర. అదే రోజుల్లో జర్మనీ లాంటి దేశానికి ఒక శాతం లోపు వడ్డీకే అప్పు దొరికేది. చైనా బ్యాంకుల నుంచి రోడ్లకు, విమానాశ్రయానికి, కరెంటు ప్రాజెక్టులకు తెచ్చినవి వేరే. అక్కడి పాలకులు లెక్క లేకుండా తెచ్చారు, అది దాచాల్సిన అవసరం లేదు. కానీ తొమ్మిది శాతం వడ్డీ ఎందుకు వసూలు చేస్తారు? రిస్క్ ఉందని. రిస్క్‌కు ధర ఏటా వసూలు చేసుకుని, ఆ రిస్క్ నిజమైన రోజున పైసా తగ్గకుండా మొత్తం ఇవ్వమనడం ఏ న్యాయం? కోవిడ్ ఏడాదిలో క్వాచా డాలరుకు 14 నుంచి 21కి పడిపోయింది. వడ్డీ కొన్నాళ్లు వాయిదా వేయమని ప్రభుత్వం అడిగితే బాండ్లు కొన్నవాళ్లు కుదరదన్నారు. 2020 నవంబరులో జాంబియా 42.5 మిలియన్ డాలర్ల వడ్డీ కిస్తీ కట్టలేకపోయింది. అప్పులిచ్చిన ప్రభుత్వాలతో ఒప్పందానికి 2023 జూన్ దాకా, బాండ్ల వాళ్లతో ఒప్పందానికి 2024 దాకా పట్టింది. ఆ 2024లోనే తీవ్రమైన కరువు వచ్చి దాన్ని జాతీయ విపత్తుగా ప్రకటించారు.

ఇంతకాలం ఎందుకు పడుతుందంటే, దేశాలకు దివాలా కోర్టు లేదు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు మునిగితే ట్రిబ్యునల్ ఉంది. అక్కడ అందరి బాకీలూ ఒక చోట చేర్చి, ఎవరికి ఎంత అని తేల్చి, ఒకసారి తేలాక ఎవరూ విడిగా కేసు వేయకుండా చూస్తారు. దేశం మునిగితే అలాంటి చోటే లేదు. పారిస్ క్లబ్ అని 1956 నుంచి ఉంది, అది అప్పులిచ్చిన పాత ధనిక దేశాల బృందం. చైనా అందులో సభ్యురాలు కాదు. బాండ్లు కొన్న ప్రైవేటు ఫండ్లు ఎవరి మాటా వినక్కర్లేదు. అర్జెంటీనా బాకీలు కొన్న ఒక అమెరికన్ ఫండ్, 2012లో ఘనా రేవులో ఆగిన అర్జెంటీనా నౌకాదళ శిక్షణ నౌకను కోర్టు ఆర్డరుతో పట్టించింది. చివరికి 2016లో అర్జెంటీనా ఆ ఫండ్‌కూ, దానితో పాటు పట్టుబట్టిన మరికొందరికీ కలిపి 4.65 బిలియన్ డాలర్లు ఇచ్చి వదిలించుకుంది. ముందు రాజీకొచ్చినవాడికి తక్కువ, మొండికేసినవాడికి ఎక్కువ. ఇలాంటి ఆటలో ఎవరైనా ముందుగా ఎందుకు రాజీకొస్తారు?

ఈ మొత్తం భారం ఎంతో ఒక్క లెక్క చెప్పి ముందుకెళ్తాను. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం 2023లో అభివృద్ధి చెందుతున్న దేశాలు విదేశీ అప్పుల మీద అసలు, వడ్డీ కలిపి 1.4 ట్రిలియన్ డాలర్లు కట్టాయి. అందులో వడ్డీ ఒక్కటే 406 బిలియన్లు, మన రూపాయల్లో 34 లక్షల కోట్ల దాకా. ఆ ఏడాది మన కేంద్ర ప్రభుత్వ బడ్జెట్‌లో మూడింట రెండు వంతులకు పైనే. ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ 2024లో చెప్పిన దాని ప్రకారం, చదువు మీద గానీ ఆరోగ్యం మీద గానీ పెట్టే దానికన్నా వడ్డీలకే ఎక్కువ కడుతున్న దేశాల్లో 330 కోట్ల మంది బతుకుతున్నారు.

ఇక శ్రీలంక. చైనా అప్పే ముంచిందని మన దగ్గర టీవీల్లో చెప్పి చెప్పి అది నిజమని అందరూ నమ్ముతున్నారు. లెక్క చూడండి. 2022 ఏప్రిల్ 12న శ్రీలంక విదేశీ చెల్లింపులు ఆపేసినప్పుడు మొత్తం విదేశీ బాకీ సుమారు 51 బిలియన్ డాలర్లు. అందులో చైనా వాటా ఐదో వంతు చుట్టూ. అన్నిటికన్నా పెద్ద ముక్క డాలర్ బాండ్లది, అంటే అమెరికా, యూరప్ ఫండ్ల నుంచి ఎక్కువ వడ్డీకి తెచ్చినది. హంబన్‌టోట రేవును 2017లో చైనా కంపెనీకి 99 ఏళ్ల లీజుకు ఇచ్చి 1.12 బిలియన్లు తీసుకున్నది నిజం. అప్పు కింద జమ చేసుకుని రేవు లాక్కున్నారనడం మాత్రం నిజం కాదు. ఆ డబ్బు డాలర్ల నిల్వల్లోకి వెళ్లింది, రేవు కట్టడానికి తెచ్చిన అప్పు అలాగే ఉంది. ప్రభుత్వం తనంతట తాను చేసుకున్నవి కూడా తక్కువేం కాదు. 2019 చివర్లో వ్యాట్‌ను 15 శాతం నుంచి 8కి తగ్గించి రాబడి పోగొట్టుకుంది. కోవిడ్‌తో టూరిస్టులు రాలేదు. 2021లో రాత్రికి రాత్రి రసాయన ఎరువులు బంద్ చేసి పంట పోగొట్టుకుంది. ఇరాన్‌కు బాకీ ఉన్న చమురు డబ్బు తేయాకు రూపంలో తీరుస్తామని ఒప్పందం చేసుకునే దాకా వచ్చింది పరిస్థితి.

ఒక తేదీ మాత్రం గుర్తుపెట్టుకోండి. 2022 జనవరి 18. ఆ రోజు శ్రీలంక 500 మిలియన్ డాలర్ల బాండ్ గడువుకు ఠంచనుగా కట్టేసింది. పాలపొడి, వంటగ్యాస్, మందులు దొరకడం అప్పటికే కష్టమైంది. ఎగ్గొట్టినట్టు పేరు రాకూడదని ఉన్న కొద్ది డాలర్లూ బాండ్ల వాళ్ల చేతిలో పోశారు. మూడు నెలలు తిరగకముందే ఎలాగూ చేతులెత్తేశారు. ఆ డబ్బు ఉంచుకుని జనవరిలోనే అప్పిచ్చినవాళ్లను పిలిచి మాట్లాడి ఉంటే ఎన్ని ఆస్పత్రులకు మందులు వచ్చేవో! డాలరుకు 200 ఉన్న వాళ్ల రూపాయి కొద్ది వారాల్లోనే 360 దాకా పడింది. పాత అప్పు లంక రూపాయల్లో చూస్తే దాదాపు రెండింతలు. మన దేశం ఆ ఏడాది సుమారు 4 బిలియన్ డాలర్ల సాయం రకరకాలుగా చేసింది, డీజిల్, బియ్యం, మందులు పంపింది. పొరుగువాళ్లుగా మనం చేసిన మంచి పనుల్లో అది ఒకటని నేను గట్టిగా నమ్ముతాను.

మనకు వస్తుందా అంటే, మనకు ఒకసారి గుమ్మం దాకా వచ్చి వెళ్లింది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. చమురు ధర పెరిగింది, కువైట్ నుంచి లక్షా డెబ్బై వేల మందిని విమానాల్లో తెచ్చుకున్నాం, వాళ్లు పంపే డాలర్లు ఆగిపోయాయి. ఎన్ఆర్ఐలు డిపాజిట్లు తీసేసుకోవడం మొదలుపెట్టారు. 1991 మధ్యకు వచ్చేసరికి మన దగ్గరున్న డాలర్లు రెండు మూడు వారాల దిగుమతులకు మించి రావు. మే నెలలో 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్ బ్యాంకుకు అమ్మారు. జులైలో రిజర్వ్ బ్యాంకు 46.91 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర కుదువపెట్టి 405 మిలియన్ డాలర్లు తెచ్చింది. ప్రధానిగా అప్పుడే ప్రమాణం చేసిన పి.వి. నరసింహారావు మన తెలంగాణ బిడ్డ. జులై 1న, 3న రెండు విడతల్లో రూపాయి విలువ తగ్గించారు. డాలరు 21 నుంచి 26 దాకా వెళ్లింది.

బ్యాంకు కౌంటరు ఇవతల నుంచి ఆ రోజులు నేను చూశాను. దిగుమతులు తగ్గించడానికి రిజర్వ్ బ్యాంకు ఎల్‌సీల (దిగుమతి సరుకుకు డబ్బు మేం చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ పత్రాల) మీద నగదు మార్జిన్, అంటే ముందుగా కట్టాల్సిన సొమ్ము, పెంచుకుంటూ పోయింది. 1990 అక్టోబరులో 50 శాతం, 1991 మార్చిలో 133, ఏప్రిల్‌లో 200. అర్థమైందా అమ్మా? పది లక్షల సరుకు తెప్పించుకోవాలంటే ఇరవై లక్షలు ముందుగా బ్యాంకులో కట్టాలి. అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉన్న కొత్తూరు వైపు నుంచి ఒకాయన వచ్చేవారు, చిన్న ప్లాస్టిక్ యూనిట్, ముడిసరుకైన ప్లాస్టిక్ గుళికలు విదేశాల నుంచి తెప్పించుకునేవారు. ఫైలు నా టేబుల్ మీద పెట్టి, సర్ నాకు విదేశీ అప్పే లేదు కదా, నేనెందుకు కట్టాలి అని అడిగారు. ఆయనకు చెప్పడానికి నా దగ్గర సర్క్యులర్ తప్ప ఇంకేమీ లేదు. కొన్ని నెలలు మిషన్లు ఆపుకున్నారు. ఆయన దగ్గర పనిచేసేవాళ్లు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవాళ్లు, వాళ్లకు కూలి ఆగింది. ఢిల్లీలో డాలర్ల కొరత కొత్తూరులో కూలి కొరత అయ్యేది ఇలాగే.

దాని ఇంకో ముఖం మన పొలాల్లో ఉంది, ఇది పరీక్షకు కూడా పనికొస్తుంది. ఆ సంక్షోభం తర్వాత ఖర్చు తగ్గించుకోవడంలో భాగంగా 1991 జులై 24 బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచారు. గొడవ అయ్యాక 30 శాతానికి దించి, చిన్న సన్నకారు రైతులను మినహాయించారు. 1992 ఆగస్టులో డీఏపీ, పొటాష్ ధరల మీద నియంత్రణ ఎత్తేశారు, యూరియా ధర మాత్రం 10 శాతం తగ్గించారు. పొటాష్ రెండింతలు దాటింది. రైతు ఏం చేస్తాడు? చవకైన యూరియానే గుప్పించాడు. దేశం మొత్తం మీద నత్రజని (యూరియాలో ఉండేది), భాస్వరం (డీఏపీలో ఉండేది), పొటాష్ వాడకం 1991-92లో 5.9 : 2.4 : 1 ఉంటే, మరుసటి ఏడాది 9.5 : 3.2 : 1 అయింది. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి రైతును అడగండి, యూరియా మీద మోజు ఎంతో చెప్తాడు. ఆ అలవాటుకు వేరే కారణాలూ ఉన్నాయి, కానీ దాన్ని ఇంత ముదిరించింది ఆ రెండేళ్ల నిర్ణయాలే.

బయటి అప్పుకు షరతులుంటాయని మన రాష్ట్రంలోనూ చూశాం. అప్పటి ఆంధ్రప్రదేశ్ 1998లో ప్రపంచ బ్యాంకు నుంచి ఆర్థిక పునర్నిర్మాణం పేరుతో 540 మిలియన్ డాలర్ల పైన రుణం, మరుసటి ఏడాది కరెంటు సంస్కరణలకు 210 మిలియన్లు తీసుకుంది. విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడగొట్టారు, చార్జీలు పెంచారు. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపు మీద ఆందోళన చేస్తున్నవాళ్ల మీద కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. కరెంటు సంస్థల నష్టాలు నిజమే, ఎప్పుడో ఒకప్పుడు సరిచేయాల్సిందే. కానీ పాలమూరు, నల్లగొండ లాంటి బోర్ల మీద బతికే జిల్లాల్లో మోటారు బిల్లు ఎంత ఉండాలో వాషింగ్టన్‌లో కాగితం మీద తేలడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

మాఫీ చేస్తే మళ్లీ అప్పు పుడుతుందా అన్నారు. పుడుతుంది. జాంబియాకు పుట్టిందని పైన చూశారు, నిజానికి కావాల్సిన దానికన్నా తొందరగా, కావాల్సిన దానికన్నా ఎక్కువ పుట్టింది. ఇంకా పెద్ద ఉదాహరణ జర్మనీ. 1953లో లండన్ ఒప్పందంలో పశ్చిమ జర్మనీ పాత అప్పులో దాదాపు సగం కొట్టేశారు. మిగిలిన దానికి కూడా పొడుగాటి గడువు ఇచ్చి, ఎగుమతుల్లో మిగులు ఉన్నదాన్ని బట్టి కట్టుకోమన్నారు. ఆ కాగితం మీద సంతకం పెట్టిన దేశాల్లో గ్రీస్ కూడా ఒకటి. రెండు ప్రపంచ యుద్ధాలు చేసిన దేశానికి దొరికిన ఆ సులువు, ట్రాక్టర్లు కొనుక్కున్న దేశానికి ఎందుకు దొరకకూడదు? 2004లో ఇరాక్‌కు పారిస్ క్లబ్ 80 శాతం మాఫీ చేసింది. అంటే చేయాలనుకుంటే చేయగలరు. నేను అడిగేది అన్ని బాకీలూ ఎగ్గొట్టమని కాదు. అప్పిచ్చినవాడు రిస్క్‌కు వడ్డీ తిన్నాడు కాబట్టి నష్టంలో వాటా కూడా తీసుకోవాలి. ఆ వాటా తేల్చే చోటు ఒకటి ఉండాలి. తేలేదాకా మందులకు, తిండికి కావాల్సిన డాలర్లు ఎవరూ ముట్టుకోకూడదు.

ఇప్పుడు మన సంగతి. 2025 మార్చి చివరికి మన దేశం మొత్తం విదేశీ అప్పు సుమారు 736 బిలియన్ డాలర్లు, జీడీపీలో 19 శాతం చుట్టూ. అందులో ప్రభుత్వాలది నాలుగో వంతు కూడా లేదు. ఎక్కువ భాగం కంపెనీలది, బ్యాంకులదే. మూడో వంతుకు కాస్త తక్కువ రూపాయల్లోనే ఉంది. ఆ సమయానికి మన దగ్గరున్న నిల్వలు 660 బిలియన్ల పైన. 1991తో దీన్ని పోల్చడం కుదరదు, శ్రీలంక అవుతామని భయపెట్టేవాళ్ల మాట నమ్మక్కర్లేదు. ప్రమాదం ఉన్నదల్లా డాలర్లలో అప్పు చేసి, రూపాయి పడితే ఎలా అని ముందు జాగ్రత్త పడని కంపెనీలతో. అవి మునిగితే చివరికి మన బ్యాంకుల మీద పడుతుంది.

తెలంగాణ అప్పు గురించి పార్టీలు ఒకరినొకరు తిట్టుకునేదాంట్లో విదేశీ అప్పు చాలా చిన్నది. రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం రాష్ట్రం దేశం లోపలే అప్పు చేయాలి. మన బాండ్లు రిజర్వ్ బ్యాంకు ద్వారా రూపాయల్లో అమ్ముడవుతాయి. ప్రపంచ బ్యాంకు, జపాన్ రుణాలు కేంద్రం ద్వారానే వస్తాయి. ఇక్కడే ఒక సంగతి చాలామందికి తెలియదు. నాగర్‌కర్నూల్ జిల్లాలో శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రం ఉంది కదా, 900 మెగావాట్లది. అది జపాన్ యెన్ రుణంతో కట్టింది, 1980ల చివర్లో మొదలైంది. 1988లో 100 యెన్లంటే దాదాపు 11 రూపాయలు. 1995 వచ్చేసరికి యెన్ బలపడి, రూపాయి పడి, అదే 100 యెన్లు 34 రూపాయలయ్యాయి. వడ్డీ చాలా తక్కువ అని సంబరపడి తెచ్చుకున్న అప్పు ఏడేళ్లలో రూపాయల్లో మూడింతలు. కాకపోతే అప్పట్లో కేంద్రం ఇలాంటి రుణాలను రాష్ట్రాలకు రూపాయల్లో ఇచ్చేది, మారకం దెబ్బ కేంద్రమే తిన్నది.

2005 నుంచి ఆ పద్ధతి మారింది. 12వ ఆర్థిక సంఘం సిఫార్సు తర్వాత, బయటివాళ్లు ఏ కరెన్సీలో, ఏ షరతులతో ఇస్తే అదే షరతులతో కేంద్రం రాష్ట్రానికి ఇస్తోంది. రూపాయి పడితే దెబ్బ రాష్ట్ర ఖజానాకే. సాగర్ కాలువల ఆధునికీకరణకు 2010లో ప్రపంచ బ్యాంకుతో 450 మిలియన్ డాలర్ల రుణానికి ఒప్పందం అయ్యింది, ఎడమ కాలువ కింద మన నల్లగొండ, ఖమ్మం, కుడి కాలువ కింద గుంటూరు, ప్రకాశం. అప్పుడు డాలరు 46 రూపాయలు. 2025 నాటికి 85 దాటింది. వడ్డీ కూడా మారే వడ్డీ అయితే, 2010లో సున్నా దగ్గర ఉన్న అమెరికా రేటు 2023లో ఐదు శాతం దాటిన సంగతి గుర్తుంచుకోవాలి. ఆ అప్పు తప్పని నేను అనను. కాలువకు లైనింగ్ పడి చివరి తూము దాకా నీళ్లు వస్తే ఆ పంట ఎన్నేళ్లయినా ఉంటుంది. కానీ ఆ పంట అమ్మితే వచ్చేది రూపాయలు, డాలర్లు కాదు. వడ్డీ ఒకటిన్నర శాతమే అని మంత్రులు ప్రకటించినప్పుడు, అది ఏ కరెన్సీలో ఒకటిన్నర శాతమో, ఆ వడ్డీ స్థిరమా మారేదా, మారకం నష్టం ఎవరి ఖాతాలోకో అడిగే విలేకరి నాకు చాలా అరుదుగా కనిపించాడు. రేపు మీరు ఉద్యోగంలో చేరి అలాంటి ఫైలు మీ చేతికొస్తే, నోట్‌షీటులో ముందు ఆ మూడూ రాయండి.